పక్క నంబరు అమ్మాయి

పి.యు.సి. ఫలితాలు పేపర్లో పడిన రోజు నా నంబరు లేదు. తర్వాత మార్కుల కాగితం వచ్చింది. అన్నిట్లోనూ మంచి మార్కులే. కెమిస్ట్రీ దగ్గర మాత్రం ‘గైర్హాజరు’ అని ఉంది.

ఆ పరీక్ష నేను రాశాను. విజయనగరంలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ ఉదయం అత్తే నన్ను హాలు దాకా దిగబెట్టింది. కానీ పొందూరు దగ్గర మా ఊళ్ళో నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడు నుంచి మార్కులు కూడేది కంప్యూటరు మిషనని ఎవరో ఆయనకి చెప్పారు.

“మనిసైతే పొరపడతాడు. మిసను అబద్దమాడతాదా? నిజం సెప్పు, ఆ రోజు ఎక్కడికెల్లినావు?”

“పరీక్షకే ఎల్లినాను నాన్నా.”

“ఎవులితో?”

ఆ మాటకి బియ్యం చెరుగుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి నేను వడ్డిస్తే తినడం మానేశాడు. రానురాను నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా రాశానా? రాసిన కాగితాలు ఇచ్చే వచ్చానా? ఏ ప్రశ్నలొచ్చాయో గుర్తు చేసుకుంటూ ఉంటే చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది.

సంగతి తెలిసి అత్త వచ్చింది. “ఒరే తమ్ముడా, నీ కూతుర్నీ నమ్మవు, నన్నూ నమ్మవు. సరే, ఆ మిసన్నే అడిగొస్తాం” అని నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకి బయలుదేరింది.

అక్కడ గుమాస్తా తలెత్తలేదు. “కార్డులో ఎలా ఉంటే అలాగే వస్తుందమ్మా” అన్నాడు. అత్త బెంచీ మీంచి కదల్లేదు. సాయంత్రానికి ఒక అధికారి విసుక్కుంటూనే జవాబుల కట్ట విప్పించాడు. నా కాగితాలు అందులోనే ఉన్నాయి, నా దస్తూరీతో. మిషను కోసం అట్ట కార్డులకి చిల్లులు పెట్టేటప్పుడు నా మార్కులు పక్క నంబరు కార్డుకి పడిపోయాయట.

హమ్మయ్య అనుకునేంతలో ఆయన అన్నాడు: “నీది సరిచేస్తే ఆ పక్క నంబరు అమ్మాయి తప్పుతుంది. టీచరు ట్రైనింగుకని ఆమె కాగితాలు కూడా పంపేశాం. మరి సరిచెయ్యమని రాసిస్తావా?”

తప్పు వాళ్ళది, రాసివ్వాల్సింది నేను. ఆ అమ్మాయి నాకు తెలుసు. శృంగవరపుకోట పిల్ల, నా ముందు బెంచీ. కెమిస్ట్రీ రోజు ఆ బెంచీ ఖాళీగా ఉండడం అప్పుడు గుర్తొచ్చింది. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాను.

“రాయే” అంది అత్త మెల్లగా. రాశాను.

కొత్త మార్కుల కాగితం వచ్చింది. నాన్న చూసి, “కాలేజీకి ఎప్పుడెల్లాల?” అన్నాడు. అంతే. ఆ పూట నేను వడ్డిస్తే తిన్నాడు. నాకు మాత్రం ఆ ఖాళీ బెంచీయే కళ్ళ ముందు ఉండేది.

అత్తని బతిమాలి శృంగవరపుకోట వెళ్ళాను. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

“ఆ రోజు మా అమ్మకి నొప్పులొచ్చినాయి. ఇంట్లో నాను తప్ప ఎవులూ లేరు. పేపర్లో నంబరు సూసి బయమేసింది. సెప్దామనుకునేసరికి నాన్న ఊరంతా సెప్పేసినాడు. ఇప్పుడు నాది దొంగపాసంటన్నారు. ట్రైనింగోళ్ళు పొమ్మన్నారు. నానేటి సేసినాను?”

తెచ్చిన నోట్సు ఇవ్వబోతే, “సదువు నాకూ వచ్చు” అంది కోపంగా. తలుపు వెయ్యబోయి ఆగింది.

“సెప్టెంబరులో మల్లా రాస్తాను. నువ్వు హాలు కాడికి రా. రేపు మల్లా రాలేదని పడితే, వచ్చిందని సెప్పడానికి ఓ మనిసుండాల.”

వెళ్ళాను. ఆ రోజు వాన. ఆమె లోపలికి వెళ్తూ నేనున్నానో లేదో తిరిగి చూసింది. పరీక్ష అయ్యేదాకా గొడుగు కింద అక్కడే నిలబడ్డాను, నేను పక్కకి వెళ్తే ఏమవుతుందో అన్నట్టు.

ఆమె పాసయింది. ట్రైనింగు సీటు మాత్రం అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు, మరుసటి ఏడు గానీ చేరలేకపోయింది. కానీ ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు హాల్లోంచి బయటికి రాగానే ఆమె పరీక్ష ఎలా రాసిందో చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, “సూసినావు కదా? నాను లోపలికెల్లడం సూసినావు కదా?” అని మళ్ళీ మళ్ళీ అడిగింది.