చదివి వినిపించగా

ఆవిడను అందరూ టైపు వదిన అనేవారు. మొదట అలా పిలిచింది సొంత మరిది. ఆ పిలుపును ఇంటికొచ్చే అతని స్నేహితులు అందుకున్నారు, ఆ తర్వాత కోర్టు గుమాస్తాలు, చివరికి తండ్రి వయసున్న వకీళ్లు కూడా. ఆవిడ పని జడ్జిగారి బల్ల పక్కన కూర్చుని సాక్షుల వాంగ్మూలాలు టైపు చేయడం. సాక్షి తనకు తోచినట్టు చెబుతాడు. జడ్జిగారు విని, అందులో తాలూ తప్పా ఏరేసి, కోర్టు భాషలో పెట్టి చెబుతారు. "పొద్దున పాలకి పోతుంటే గొడవ వినబడి ఆగానండీ" అని సాక్షి అంటే, కాగితం మీద "నేను ఉదయము పాల నిమిత్తము వెళ్లుచుండగా ఘర్షణ విని నిలిచితిని" అని పడుతుంది. అంతా అయ్యాక అడుగున ఒక వాక్యం: "చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొనిరి." ఆ వాక్యానికి వదిన బుర్ర పెట్టక్కర్లేదు, వేళ్లే కొట్టేస్తాయి.

ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు ఎక్కువైందని పెనిమిటి అంటే, "ఎప్పుడు గమనించారు? మొదటి ముద్దకా, కంచం ఖాళీ అయ్యాకా?" అని అడిగేది. ఆయన పాపం, తల వంచుకుని తినేవాడు.

ఆదివారం సాయంత్రాలు ఆ ఇంటి ముందుగదిలో ముగ్గురు కవులు చేరేవారు. ఒకడు మరిది, కాలేజీలో పాఠాలు చెబుతాడు, గొంతు పెద్దది. రెండోవాడు రిటైరైన పోస్టుమాస్టరు, మాట పుల్ల విరిచినట్టుంటుంది. మూడో మనిషి ఆసుపత్రి నర్సు, డ్యూటీ దిగి చెప్పులు విప్పగానే కుర్చీలో కూలబడుతుంది. వదిన వాళ్లకు టీ ఇచ్చేది, వాళ్ల కవితలు టైపు చేసిపెట్టేది. కవిత్వం మీద ఆవిడకు పెద్ద గురి లేదు. సినిమా పాటకైతే కనీసం ట్యూనుంటుంది కదా అనేది.

వాళ్లకు ఎప్పుడూ ఒకటే తగాదా. లోకంలో జరిగే అన్యాయానికి కవిత్వం సాక్షిగా నిలబడాలా, అక్కర్లేదా?

"ఊరంతా నోరు మూసుకున్నప్పుడు నోరు తెరిచేవాడే కవి" అనేవాడు మరిది. "చూశానా లేదా అన్నది కాదు ముఖ్యం. చూసినట్టు రగలాలి."

"చూడకుండా చెప్పేదాన్ని మీ వదినగారి కోర్టులో దొంగసాక్ష్యం అంటారోయ్" అనేవాడు పోస్టుమాస్టరు. "నేను మా పెరటి గోడ గురించే రాస్తాను. దాన్ని సరిగ్గా రాస్తే, ఎక్కడ కూలిన గోడైనా అందులో కనిపిస్తుంది."

నర్సు మాత్రం చాలాసేపటికి నోరు విప్పేది. "వార్డులో నొప్పితో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ఆ మనిషి బదులు నేను మూలగను కదా. నాకు తెలిసినంతవరకే రాసి ఆపేస్తాను." ఆవిడ కవితలన్నీ నిజంగానే సగంలో ఆగిపోయేవి. టైపు చేసేటప్పుడు వదిన రెండో కాగితం కోసం వెతుక్కునేది.

ఆ ఏడాది ఊళ్లో ఒక గోదాము గోడ కూలింది. దానికి రంగు వేస్తున్న ఒక మనిషి ఆ గోడ కింద పడి చనిపోయాడు. అతని తల్లి కోర్టు వరండాలు ఊడ్చే మనిషే, వదిన రోజూ "ఏం అక్కా" అని పలకరించే మనిషే. కంట్రాక్టరు మీద కేసు నడిచింది. రోజూ తను ఊడ్చే హాల్లోనే అక్క బోనెక్కింది.

"నేను పోయేసరికి ఇటుకల్లోంచి వాడి చెయ్యొక్కటే కనబడింది బాబూ. దాని మీద రంగింకా ఆరలేదు."

జడ్జిగారు ఒక్క క్షణం ఆగి, "నేను వెళ్లుసరికి నా కుమారుడు శిథిలముల క్రింద పడియుండుట చూచితిని" అని చెప్పారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆయన పని అది. వదిన కొట్టింది. రంగు మాత్రం కాగితం మీదికి రాలేదు. భోజనం వేళ అయిపోతోందని అందరూ లేచారు, ఎవరూ చదివి వినిపించలేదు. చూపించిన చోట అక్క సంతకం పెట్టి వెళ్లిపోయింది. దానికి పైన ఆ వాక్యం ఉండనే ఉంది.

ఆ ఆదివారం వదిన ఆగలేకపోయింది. ఆరని రంగు గురించి ముందుగదిలో ఉన్నవాళ్లకు చెప్పేసింది. ఇంకేముంది, ముగ్గురూ రాశారు. ముగ్గురి కవితలూ తమ కవుల సంఘం వేసే సంకలనానికి వెళ్లాలి. వదిన ఒక్క బిగిన కొట్టిచ్చింది.

మరుసటి ఆదివారం మరిది నిలబడి తన కవిత చదివాడు. అందులో రంగు ఎరుపు. తల్లి జుట్టు విరబోసుకుని నగరాన్ని శపిస్తుంది. గొంతు గదిని ఊపేసింది. ఆ ఊపులోనే చివరి పంక్తి కూడా చదివేశాడు: "చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొనిరి."

నర్సు పొలమారి ఒలికిన టీని చీరకొంగుతో తుడుచుకుంది. పోస్టుమాస్టరు పొట్ట పట్టుకున్నాడు. వదిన వేళ్లు అలవాటు కొద్దీ ముగ్గురి కవితల కిందా ఆ వాక్యం టైపు కొట్టేసి ఉన్నాయి.

నవ్వు తగ్గాక పోస్టుమాస్టరే అడిగాడు. "ఇంతకీ ఎవరు ఒప్పుకున్నారమ్మా?"

"ఆ లైను తీసేయండి వదినా" అన్నాడు మరిది ముఖం మాడ్చుకుని. "రేపు ప్రెస్సుకి ఇవ్వాలి."

వదినకు సిగ్గేసింది, టైపు పొరపాటుకు కాదు. కవులది సరే, కోర్టులో మాత్రం ఆ వాక్యం ఎన్నిసార్లు నిజమైంది? ఆ తల్లికి మిగిలింది కొడుకు గురించి నాలుగు మాటలు. ఆ నాలుగూ ఒకసారి తన చేతుల మీదుగానే పోయాయి. ఇప్పుడు పుస్తకంలో కూడా పోతే మళ్లీ దొరకవు.

"ఆవిడకి చదివి వినిపించాకే ప్రెస్సు" అంది. "ఒప్పుకుంటే ఆ లైను ఉంటుంది. లేకపోతే కవితే ఉండదు. టైపు చేసేది నేను."

ముగ్గురికీ చేతిరాత కోడికాళ్లే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

మర్నాడు కోర్టు విరామంలో, వరండా చివర ఖాళీగా ఉన్న టైపు గదిలో అందరూ కూర్చున్నారు. అక్క చీపురు గోడకు ఆనించి వచ్చింది. మరిది చదివాడు, ఈసారి గొంతు అంత లేవలేదు.

"బాగుంది బాబూ" అంది అక్క. "అందులో నేను చాలా ఏడ్చాను. ఆ రోజు నాకు ఏడుపే రాలేదు." ఆపైన, "రంగు ఎరుపు కాదులే" అంది.

పోస్టుమాస్టరు తన గోడ కవిత చదివాడు. "గోడ అలాగే ఉంటుందయ్యా, నిజమే" అంది అక్క. నర్సు కవిత ఒక చెయ్యి దగ్గర ఆగిపోయింది.

"తర్వాత?"

"తర్వాత నాకు తెలియదమ్మా" అంది నర్సు.

అక్క ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. కోపం లేదు, వెతుకుతున్నట్టు చూసింది. "అన్నిట్లో నేనున్నాను, గోడుంది, చెయ్యి ఉంది. వాడేడీ?"

మరిది అలాంటి కొడుకులందరి కోసం రాశానని ఏదో అన్నాడు. వదిన మిషనులో కొత్త కాగితం ఎక్కించి, "నువ్వు చెప్పక్కా" అంది.

అక్క చెప్పింది. వదిన దేన్నీ మార్చలేదు. జడ్జిగారి గొంతు చెవిలో మోగుతూనే ఉంది, "పడియుండుట" అని వేళ్లు రెండుసార్లు పరుగెత్తబోయాయి. పళ్లు బిగించి ఆపుకుంది. అయ్యాక చదివి వినిపించింది:

"మావాడికి పిల్లి అంటే భయం. అంత మనిషీ పిల్లి కనబడితే మంచమెక్కేవాడు. పాట పాడితే పక్కింటివాళ్లు కిటికీ వేసుకునేవాళ్లు. పని అయ్యాక డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చి మా తలుపు మీద ఒక పట్టీ వేసేవాడు. ఊళ్లో ఏ ఇంటికి ఏ రంగు వేశాడో మా తలుపు చూస్తే తెలుస్తుంది. గోదాము రంగు నీలం. అది తలుపు మీదికి రాలేదు."

"నీలం కాదు" అంది అక్క. "కంగారులో అన్నాను. లేత పచ్చ. చేతి మీద చూశాను కదా."

వదిన నీలాన్ని కొట్టేసి లేత పచ్చ అని కొట్టింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. పిల్లి దగ్గర అక్కకు నవ్వొచ్చింది, తలుపు దగ్గరికొచ్చేసరికి ఆ రోజు రాని ఏడుపు వచ్చింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వరండాలో కోర్టు బంట్రోతు పిలుపులు వినబడుతూనే ఉన్నాయి, ఎవరూ లేవలేదు.

తగాదా అక్కడితో తీరిందనుకునేరు. ఇప్పటికీ తీరలేదు. మరిది తన కవితలో ఎరుపును పచ్చ చేసి, శాపం తీసేసి, దాన్ని సంకలనంలో వేశాడు. పచ్చ వేస్తే బలం తగ్గిందని ఈనాటికీ అంటాడు. పోస్టుమాస్టరు తన గోడ కవితను తానే వెనక్కి తీసుకున్నాడు. వదిన మాత్రం జడ్జిగారు భోజనానికి లేస్తున్నా సరే, "అయ్యా, చదవాలి" అని కాగితం పట్టుకుని నిలబడుతోంది. ఆయన విసుక్కుంటూనే మళ్లీ కూర్చుంటున్నారు.

టైపు గదిలో ఆ మధ్యాహ్నం అక్క కళ్లు తుడుచుకుని లేచింది. చీపురు అందుకోబోయి, మిషనులో ఉన్న కాగితం వైపు చూసింది.

"ఆ, వీడే మావాడు" అంది. "ఇప్పుడు వేసుకో తల్లీ, నీ మాట."

వదిన వేళ్లను తొందరపడనివ్వలేదు. ఒక్కో అక్షరం చూసుకుంటూ ఆ వాక్యం కొట్టింది.