గాజు దిమ్మెకి అటువైపు

పద్మిని గీసిన గీత ఈసారీ సూటిగానే పోయింది. గాజు దిమ్మెలోకి ఏటవాలుగా దిగిన వెలుగు అటువైపు కాస్త పక్కకి జరిగి బయటికి రావాలి. పుస్తకంలో బొమ్మ అలాగే ఉంది. పద్మిని కాగితం మీద మాత్రం మధ్యలో అసలు గాజే లేనట్టు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గీత.

"ఇదేం గాజే తల్లీ, వెలుగు దీన్ని పట్టించుకోకుండా వెళ్ళిపోతోంది!" అంది ప్రత్యూష, కాగితం ఎత్తి చూస్తూ.

తెలుగూ హిందీ కలగలిసిన దీవి ఊరు ప్రోతరాపూర్‌లో పద్మిని వాళ్ళ పక్కిల్లే ప్రత్యూషది. బళ్ళో సైన్సు చెబుతుంది. ఆ దిమ్మె బడిదే, హెడ్‌మాస్టర్‌ని అడిగి సెలవులకి ఇంటికి తెచ్చింది. తెచ్చింది పద్మిని కోసమే.

పద్మిని చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. వాళ్ళమ్మ అప్పలకొండమ్మ జెట్టీ మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. చేపల గంప కూతురి నెత్తికెక్కింది. పొద్దున్నే బస్సెక్కి గరాచర్మలో దిగి, కొత్తగా కట్టిన ఇళ్ళ మధ్య తిరిగి అమ్మాలి. అమ్మడం సరే, అరవడమే ఆ పిల్ల వల్ల కాలేదు. గేటు ముందు నిలబడేది, ఇంట్లోవాళ్ళు చూసేదాకా. "చేపలమ్మాయి వచ్చినట్టు చేపలే చెప్పాలి" అని నవ్వేవాళ్ళు ఆడవాళ్ళు.

కొన్నాళ్ళకి ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పేరు రాయించుకుంది. ఏడాదికి కొన్ని చొప్పున సబ్జెక్టులన్నీ గట్టెక్కించింది, ఒక్క సైన్సు తప్ప. కిందటిసారి ప్రాక్టికల్‌లో ఈ గాజు దిమ్మె ప్రయోగమే వచ్చింది, ఇలాగే సూటి గీత గీసి తప్పింది. రిజిస్ట్రేషన్ గడువులో ఇదే చివరి పరీక్ష. ఈసారీ తప్పితే పాసైనవన్నీ పోతాయి. అన్నీ మళ్ళీ మొదటినుంచి.

"ఏదీ, నా ముందు చెయ్యి" అంది ప్రత్యూష.

పద్మిని దిమ్మె చుట్టూ పెన్సిల్‌తో గీసింది. ఇటు ఏటవాలుగా ఒక గీత గీసి దాని మీద రెండు గుండుసూదులు గుచ్చింది. అటువైపుకి వెళ్ళి, గాజులోంచి కనిపించే ఆ రెండు సూదులతో ఒకే వరసలో ఉండేట్టు ఇంకో రెండు గుచ్చాలి. పద్మిని చూసింది. గుచ్చింది. మళ్ళీ సూటి గీతే.

"ఆగాగు. నువ్వు గాజులోంచి చూడట్లేదు. గాజు పైనుంచి సూదుల తలలు చూసి గుచ్చుతున్నావు!"

"అవును దీదీ."

"ఎందుకు?"

పద్మిని తల దించుకుంది. "గాజులోంచి కనబడేది నిజం కాదు కదా. పైన గాలిలో ఉన్న తలలే నిజం."

అది తండ్రి దాలయ్య దగ్గర నేర్చిన పాఠం. చిన్నప్పుడు ఆటు తీసిన నీళ్ళలో డింగీ పడవ నిలిపి, కూతురి చేతికి ఈటె ఇచ్చేవాడు. ఎన్నిసార్లు విసిరినా చేప పైనుంచే పోయేది. "కంటిని నమ్మీకే అమ్మీ. నీళ్ళు అబద్ధమాడతాయి. చేప అగుపించిన సోట ఉండదు, దానికింకా కిందుంటాది. ఉన్నకాడ కొట్టు" అనేవాడు. కొట్టడం వచ్చేదాకా ఒడ్డుకి రానిచ్చేవాడు కాదు. ఆ చెయ్యికి ఇప్పుడు గాజు ఎదురైతే అది కూడా నీళ్ళలాగే అబద్ధమాడుతుందని ముందే తెలిసిపోయింది. తెలిసి, దిద్దేసింది.

పద్మిని ఆ సంగతి చెబితే ప్రత్యూష పడిపడి నవ్వింది. తర్వాత నవ్వాపి ముందుకి వంగింది.

"నాన్నకి కావలసింది చేప. అది ఎక్కడుందో తెలిస్తే చాలు. పరీక్షలో సూది ఎక్కడుందని అడగట్లేదు, అది మనకి తెలుసు. అక్కణ్ణుంచి వెలుగు ఏ దారిన నీ కంటికొచ్చిందని అడుగుతున్నారు. గాజు ఎంత అబద్ధమాడిందో కొలవాలంటే, ముందు ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవాలా వద్దా?"

పద్మినికి అర్థమైంది. చేతికే అర్థం కాలేదు. గాజులోంచి చూస్తున్నా, గుచ్చేముందు కన్ను తనంతట తాను పైకి జారి తలల్ని వెతుక్కునేది. ప్రత్యూష ఒక అట్టముక్క తెచ్చి తలలకి అడ్డం పెట్టబోయింది.

"వద్దు దీదీ. అక్కడ అట్ట ఎవరిస్తారు?"

రోజూ గంప దించి, చేతులు సబ్బుతో రుద్దుకుని, దిమ్మె ముందు కూర్చునేది. చివరికి ఒక పద్ధతి తనకి తనే కనిపెట్టుకుంది. చెంప బల్లకి ఆనేదాకా వంగిపోతే తలలు కనబడవు, గాజులో సూదుల మొదళ్ళే కనబడతాయి.

దాలయ్య వల బాగుచేసుకుంటూ చూశాడు. "ఏటే అమ్మీ, బల్ల మీద తొంగున్నావేటి? సదువుతున్నావా, నిద్రోతున్నావా?"

"నువ్వు నేర్పింది మరిచిపోతున్నా నాన్నా."

"ఓలమ్మా! అదేం సదువే?"

"డింగీ ఎక్కితే మళ్ళీ గుర్తు తెచ్చుకుంటాలే."

దాలయ్య వల ముడి ఒకటి బిగించి, "సరే, ఒడ్డు మీదే మరిచిపో" అన్నాడు.

పరీక్షరోజు చీటీ తీస్తే మళ్ళీ దిమ్మే వచ్చింది. పద్మిని చెంప బల్లకి ఆనించింది. పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె లేవలేదు. నాలుగు సూదులూ గుచ్చి, తీసి, గీతలు కలిపింది. బయటికొచ్చిన గీత పక్కకి జరిగింది. కానీ లోపలికి వెళ్ళిన గీతకి సమాంతరంగా లేదు, వంకరపోయింది.

ఎందుకు? దిమ్మె వైపు చూసింది. అది చుట్టూ గీసుకున్న పెన్సిల్ గీతలో లేదు. సూదులు గుచ్చుతుండగా పక్కబ్బాయి బల్లని గుద్దుకుంటూ వెళ్ళాడు, అప్పుడే కదిలి ఉంటుంది.

ఎగ్జామినర్ కాగితాలు పోగు చేసుకుంటూ వచ్చాడు. ఒకసారి చూసి, జాలిపడినట్టుగా హిందీలో అన్నాడు: "స్కేలు పెట్టి పారలల్‌గా గీసెయ్ బేటీ. అందరూ అదే చేస్తారు."

స్కేలు చేతిలోనే ఉంది. జవాబు ఎలా రావాలో ఆమెకీ తెలుసు. గీస్తే పాసు. గీస్తే, సూదులు చెప్పింది కాక తనకి ముందే తెలిసింది రాసినట్టు. ఇన్నాళ్ళూ బల్లకి చెంప రాసుకున్నది ఆ అలవాటు వదిలించుకోడానికే.

"నహీ సర్" అంది. ఆ మాట ఆయనకి వినబడలేదు. ఆయన ముందుకి వెళ్ళిపోయాడు.

పద్మిని లేచి నిలబడింది. "సర్! దిమ్మె కదిలింది. ఇంకో కాగితం ఇవ్వండి. మళ్ళీ చేస్తాను."

గదంతా వినబడింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆయన వాచీ చూసుకుని విసుక్కున్నాడు. "పది నిమిషాలు. అంతే."

ఈసారి ఎడమచేత్తో దిమ్మెని అదిమిపట్టి వంగింది. చివరి సూది ఊపిరి బిగబట్టి గుచ్చింది. గీతలు కలిపింది. అవి అచ్చంగా పుస్తకంలో బొమ్మలా లేవు, వెంట్రుకవాసి తేడా ఉంది. దాన్ని దిద్దకుండానే ఇచ్చింది.

"ఎందుకు పక్కకి జరిగింది?" అన్నాడాయన.

"గాజులో వెలుగు వేగం తగ్గుతుంది సర్. అందుకని లోపలికెళ్ళేటప్పుడు వంగింది. వచ్చేటప్పుడు అంతే వెనక్కి వంగింది."

ఆయన ఆ చిన్న తేడా దగ్గర వేలు పెట్టి చూశాడు. సంతకం పెట్టాడు.

సైన్సు పాసైంది. మార్కులేం గొప్పగా రాలేదు. ఆ వారంలోనే పన్నెండో తరగతికి పేరు రాయించుకోవడానికి ఓపెన్ స్కూల్ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్‌లో కనకలక్ష్మి అనే గుమాస్తా సబ్జెక్టులు అడిగింది. పద్మిని చెప్పింది.

"ఫిజిక్సా? ఆడపిల్లలందరూ హోమ్ సైన్స్ తీసుకుంటున్నారు. దీనికి ప్రాక్టికల్స్ ఉంటాయి, తెలుసా?"

"తెలుసు దీదీ" అంది పద్మిని, కౌంటర్ అద్దం అవతలికి వినబడేట్టు. "ల్యాబ్ ఏయే రోజులు తెరుస్తారు? మధ్యాహ్నం దాకా నాకు చేపలుంటాయి, ఆ తర్వాతైతే రోజూ రాగలను."