అంచున్న క్రీము డబ్బా

“ఓబులమ్మా, క్రీములు ఎండ తగిలే గూట్లో పెట్టొద్దు. కరిగి నూనె తేలుతాది.”

“పెట్టన్లేక్కా. నువ్వు నిమ్మళంగా పోయిరా.”

వహీదక్కా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. కంటి ఆపరేషనుకని ఆ పొద్దు అనంతపురం బస్సెక్కింది. ఆడనే, ఆపరేషను కాకముందే గుండె ఆగిపోయింది. పోయే మనిషి ఏదో పెద్ద మాట చెప్పి పోతాదనుకుంటాం గదా, ఆయమ్మ క్రీముల మాట చెప్పి పోయింది. నిన్న సంతలో ఫ్యాన్సీ సామాన్ల బండి ముందర నిలబడితే ఎండకు కాగిన క్రీముల వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. పైపైన గులాబీ వాసన, దానెనక ఇనుము వాసన. ఇంటికొచ్చి నా కూతురు సుజాతతో, “కాగితం పెన్నూ ఎత్తుకోమ్మా, వహీదక్క గురించి చెప్తా, రాయి” అంటి. నాకి రాసేది రాదు. అందుకే నోరు నాది, చెయ్యి ఆ పిల్లది.

మా ఊరు యాడికిలో బస్టాండు ఎదురుగా ఉండేది వహీదక్క మందులంగడి. ఆయమ్మ మందుల చదువు చదివి, కువైటులో పదేండ్లు మందులంగట్లోనే పనిచేసి, తిరిగొచ్చి ఈడ సొంతంగా పెట్టుకునింది. సన్నగా తాటిబద్ద మాదిరి ఉంటాది. పెండ్లి చేసుకోలేదు. మా ఆయన బోరుబండి మీద పనికి పోయి దానికిందనే పడి చచ్చిపోయిన యాడాది, ఎవరో చెప్తే ఊడ్చే పనుందని ఆయమ్మ దగ్గరికి పోతి.

“చదువొచ్చునా?” అనడిగింది.

“నా పేర్లో మొదటి అక్షరం వస్తాదక్కా.”

“మిగతావి?”

“వాటితో పని యాడా పడలేదు.”

పకపకా నవ్వి, తాను తాగతాండే టీలో సగం ఫ్లాస్కు మూతలోకి వంచి నాకిచ్చింది. పనిచ్చినట్లని నేనే అనుకున్యా.

ఊడ్చేదాంతో మొదలుపెట్టి, గూళ్ళు తుడిచేది, డబ్బాలు సర్దేది అన్నీ నా చేతికే వచ్చినాయి. అక్షరాలు రాకపోతే కండ్లు ఎక్కువ పనిచేస్తాయి. కొన్ని మందులకు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఎర్రగీత ఉండేది. వాటిని వహీదక్క లోపలి బీరువాలో పెట్టి, డాక్టరు చీటీ తెచ్చినోళ్ళకే తీసిచ్చేది. ఎవరన్నా బతిమాలినా ఇచ్చేది కాదు. నేను ధర్మవరంలో పుట్టినదాన్ని. మా నాయన కూలిమగ్గం నేసేవాడు. షావుకారు ఇంట్లో మామూలు చీరలు బయట కుప్ప పోసి, మంచి అంచు చీరలు లోపలి బీరువాలో పెట్టుకోని, తెలిసినోళ్ళు వస్తేనే తీసేది నేను చూసినా. ఆ ఎర్రగీత గూడా అట్లాంటి అంచే అనుకున్యా. అంచుంటే అసలైన సరుకు, లేకుంటే మామూలుది. ఎవర్నీ అడగలేదు. తెలిసిందనుకున్న దాన్ని ఎవరడుగుతారు?

ఆ తరవాత మూడేండ్లకు సుజాతకు పెండ్లయింది, నీళ్ళోసుకునింది. నాలుగో నెల పడేసరికి రెండు చెంపలకూ గోధుమ రంగు మంగు పట్టింది. కడుపుతో ఉండేటప్పుడు చానామందికి వస్తాది, కాన్పయితే పోతాది. అత్తగారింట్లో ఆడబిడ్డ మాత్రం “ఏమొదినా, ముఖం మాడ్చుకున్నావే?” అని దినామూ దెప్పుతాంటే పిల్ల అద్దం చూసేది మానేసింది. అదే టయానికి మా తమ్ముని పెండ్లాం కువైటులో ఇంటిపని చేసి వచ్చింది. నా చేతిలో ఒక గుండ్రం డబ్బా పెట్టి, “ఆడ అందరూ ఇదే పూస్తారొదినా, పది దినాలకే తెల్లగైతారు” అనింది. డబ్బా తిప్పి చూస్తే మూత చుట్టూరా ఎర్రగీత. చాలు నాకి. అంచుండాది!

సుజాతకు నా మాటంటే అంత లెక్కలేదు. వహీదక్క మాటంటే కండ్లకద్దుకుంటాది. అందుకని “వహీదక్క ఇచ్చిందిమ్మా, పొద్దునా మాపుసారీ పూసుకో” అని చెప్పి ఇచ్చినా.

పది దినాల్లో సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లబడింది ముఖం. ఆడబిడ్డ నోరు మూసుకునింది. నేను ఈదెంబడి ఎగురుతా నడిచినా. ఇంకో వారానికి పిల్లకు కండ్లకింద ఉబ్బు, కాళ్ళు ఏలు పెట్టి నొక్కితే గుంట పడేది. ఆ పొద్దు నేను అంగడి ముందర నీళ్ళు చల్లుతాంటే మా అల్లుడు ఆ డబ్బా చేతిలో పట్టుకోని వహీదక్క మీదికి వచ్చినాడు.

“ఏమ్మా, మందులమ్ముతాండావా, విషమమ్ముతాండావా? కడుపుతో ఉండే మనిషికి ఏమిచ్చినావు? నీ అంగడికి బీగం ఏపిస్తా చూడు!”

బస్టాండు జనమంతా గుమిగూడినారు. వహీదక్క డబ్బా తీసుకోని అడుగు చూసింది, మూత తీసి వాసన చూసింది. తరవాత నా పక్క చూసింది. ఒక్కసారే. నేను తల దించుకుంటి. “ఇది నేనియ్యలేదు” అని ఒక్క మాట చాలు. ఆయమ్మ అనలేదు.

“అరిచేది తరవాత అరుద్దువులే నాయనా. ఎన్ని దినాలు పూసింది? ఎన్నో నెల?” అని అడిగి, అప్పటికప్పుడు అంగడి మూసి, జీపు పిలిపించి, సుజాతను ఎక్కించుకోని అనంతపురం పెద్దాసుపత్రికి తోలకపోయింది.

ఉచ్చలో ఒంటి సత్తువ, ప్రోటీనంట, పోతాండాదని తేలింది. మూత్రపిండాల మీద దెబ్బ పడిందన్నారు. క్రీములో పాదరసం కలిపింటారని డాక్టరమ్మ అనుమానం. రక్తం బెంగళూరుకు పంపల్ల, రిపోర్టు వచ్చేదాకా కడుపులో బిడ్డ సంగతి చెప్పలేమనింది. ఆ వారం దినాలు నేను తిన్నది ఒంటికి పట్టలేదు. నా బిడ్డనూ, నా బిడ్డ కడుపులో బిడ్డనూ నా చేత్తోనే ఏం చేసినానో అని గూడు తుడస్తా తుడస్తా ఏడ్చేదాన్ని.

నాలుగో దినం వహీదక్క నన్ను పిలిచి ముందర కూర్చోబెట్టుకునింది. బిస్కట్ల రేకుడబ్బాలోనుంచి మూడు ఖాళీ పెట్టెలు తీసింది. మూడూ ఒకే కంపెనీ క్రీమువి, మూడింటి మీదా ఒకే ఆడమనిషి బొమ్మ. ఒకటి మనదేశంలో కొన్నది, ఒకటి కువైటుది, ఒకటి ఆయమ్మ అన్న కూతురు జర్మనీ నుంచి తెచ్చింది. వాటి పక్కన ఆ గుండ్రం డబ్బా పెట్టింది.

“ఏం తేడా చెప్పు.”

“నాకేం చదువొస్తాదక్కా?”

“చదవొద్దు. చూడు.”

చూసినా. మూడు పెట్టెల మీదా చీమల బారు మాదిరి సన్నక్షరాలు. ఏమేం కలిపినారో అదంట. ఎవరు చేసినారు, ఎప్పుడు చేసినారు, ఏ దినానికి పాడైతాది, అన్నీ ఉండల్లంట. మన పెట్టె మీద లైసెన్సు నెంబరు, ధర గూడా అచ్చేసి ఉండాది. బయటిదేశం సరుకు మన అంగట్లోకి రావల్లంటే తెప్పించినోళ్ళ పేరూ అడ్రసూ ఉండల్లంట. గుండ్రం డబ్బా మీద పువ్వు బొమ్మా ఎర్రగీతా తప్ప ఏమీ లేదు.

“ధరలెట్లక్కా, మూడూ ఒకటేనా?”

“యాడొకటి? మనకాడ పెట్టె మీద ఏసిన ధర మించి తీసుకుంటే తప్పు. కువైటులో ఇదే క్రీము మన దుడ్లలో మూడింతలు పెట్టి కొన్యా. జర్మనీలో ఒక అంగట్లో ఒక ధర, పక్కంగట్లో ఇంకొకటి.”

“మన శనక్కాయలకు మాదిరి. చేన్లో ఒక ధర, తాడిపత్రిలో ఒక ధర.”

“ధరయితే అట్లనే. చట్టం మాటే ఇంకా చిత్రం. తెల్లగా చేసే మందొకటి ఉండాది. యూరపు దేశాల్లో అంగట్లో అమ్మే క్రీముల్లో దాన్ని కలపనే కూడదు. మనకాడ డాక్టరు చీటీ రాస్తే ఇయ్యొచ్చు. పాదరసం మాత్రం మనమూ వద్దన్నాం, కువైటోళ్ళూ వద్దన్నారు, జర్మనీవోళ్ళూ వద్దన్నారు. అయినా దొంగతనంగా చేసి, ఇట్లా పేరూ ఊరూ లేని డబ్బాల్లో ఏసి, బీదోళ్ళు కొనే సంతల్లో అమ్ముతారు.”

అప్పుడు నేను అంచు సంగతి చెప్పినా. ఆయమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమైనంక నెత్తి కొట్టుకునింది. “మే ఓబులమ్మా! ఎర్రగీత అంటే డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దని! రైలు ముందర ఎర్రజెండా చూసి పట్టుచీర అంచనుకుంటావా?” అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకునింది. “మూడేండ్లు నువ్వు తుడిచే డబ్బాల సంగతి నీకు చెప్పలేదే నేను. నా తప్పుండాది దీంట్లో.”

“మా అల్లుడు అంత మాటంటాంటే ఎందుకు చెప్పలేదక్కా?” అనడిగితి.

“చెప్పింటే వాడు నిన్ను గడప తొక్కనిస్తాడా? రేపు పురుడు ఎవరు పోస్తారు, నేనా? బిడ్డను ఎట్ల పట్టుకోవల్లో గూడా నాకి తెలీదు. చెప్పుకునేదుంటే నువ్వే చెప్పుకో, నీకి వీలైనప్పుడు.”

ఆ నెలంతా ఆయమ్మ అంగడికి జనం సగానికి సగం తగ్గినారు. విషమమ్మే అంగడని పక్క ఊర్లదాకా పాకింది. ఒక్క పొద్దు గూడా నన్ను ఎత్తిపొడవలేదు.

ఏడో దినం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వహీదక్క ఫోను చెవికి పెట్టుకోని “ఆఁ... ఆఁ...” అంటాంటే నేను గోడకానుకోని కింద కూర్చుంటి. పాదరసం ఉండాదంట, కానీ తక్కువంట. పూసేది ఆపినారు కాబట్టి దిగిపోతాదంట, భయపడే పని లేదంట. ఆయమ్మ ఫోను పెట్టేసి నా పక్కనే నేల మీద కూలబడింది. బయట ఎవరో తలనొప్పి మాత్రకని పిలస్తాంటే, “పోయి మళ్ళా రాప్పా, ఇప్పుడు లేవలేం” అని అరిచింది.

నెల తిరిగేలోపల ఉబ్బులు దిగినాయి. మంగు మళ్ళా వచ్చింది, రానీలే అనుకుంటిమి. కాన్పయిన దినం బిడ్డ ఆసుపత్రి అదిరేటట్ల ఏడ్చింది. వహీదక్క గుడ్డ విప్పి కాళ్ళూ చేతులూ ఏళ్ళూ అన్నీ చూసుకోని, “నల్లగా, బాగుండాది” అనింది. ఇప్పుడా పాప నాలుగో తరగతి. నాకి లెక్కలు నేర్పిస్తాది.

ఈ పొద్దుకీ నాకి చదువు రాదు. కానీ ఈది ఆడోళ్ళు కొత్త క్రీము కొంటే నా దగ్గరికే తెస్తారు. నేను డబ్బా తిప్పి, చీమల బారు లేకుంటే ఎనక్కిచ్చేయమంటా. ముఖం నల్లగుండాదని ఎవరన్నా ఏడిపిస్తే ఏడిపించనీ అంటా. నాకి ఆయమ్మ నుంచి వచ్చిన ఆస్తి ఇదే.

ఏమ్మా సుజాతా, రాసేది ఎందుకాపినావు? ఆ డబ్బా వహీదక్క ఇచ్చిందని నేను చెప్పింది అబద్ధం. ఇన్నేండ్లూ నోరు రాలేదు. ఆయమ్మ బతికుండంగానే చెప్పాల్సింది. అదీ రాయి.

నవ్వుతాండాది. తెలుసంట! “వహీదక్క ఏ మందిచ్చినా ఎట్ల వాడల్లో పదిసార్లు చెప్పి, నాతో తిరిగి చెప్పించి గానీ పంపదే, నువ్వు తెచ్చిన పొద్దే అనుమానమొచ్చిందిమా” అంటాండాది. “మరి ఎందుకు పూసుకున్నావే పిచ్చిదానా?” అంటే, “నువ్వు తెచ్చినావు గదా” అంటాండాది.

సరే, కండ్లు తుడుచుకో. నేనూ తుడుచుకుంటా. ఇప్పుడు మొదట్నుంచి చదువు. నిదానంగా చదువు, నేనింటా.