మూడు రోజులు కట్టిన నీలం

శనివారం పొద్దున ఆరుంబావుకు మా అమ్మ ఒక నీలం రాయిని తెల్లగుడ్డలో చుట్టి నా కుడి జబ్బకు కట్టింది. నాయన గడియారం చూసి వేళ చెప్పాడు. యాభైల చివర్లో ఒక ఎండాకాలం అది.

పెండ్లి ఉంగరంలో ఇద్దరి జన్మరాళ్లూ పక్కపక్కన పొదిగించాలని ఉరవకొండలో ఉన్న పెండ్లికొడుకు తల్లి కోరింది. ఆయనది రోహిణి నక్షత్రం, ముత్యం. నాది పుష్యమి, నీలం. ముత్యంతో పేచీ లేదు. నీలం మాత్రం అందరికీ పడదని నమ్మేవారు. అందుకే ఉంగరం చేయకముందు మూడు రోజులు ఒంటికి కట్టి చూస్తారు. ఆ మూడు రోజుల్లో చెడు జరిగితే రాయి వెనక్కి పోతుంది. రాయి వెనక్కి వస్తే సంబంధమూ వద్దని ఆమె ముందే చెప్పి పంపింది.

నాకు ఆ సంబంధం కావాలి. చూడటానికి వచ్చిన రోజు ఆయన వంట వచ్చా అని అడగలేదు. ఏం చదువుతున్నావని అడిగారు.

మొదటిరోజు నీళ్ల కడవ పగిలింది. కడవ లెక్కకు రాదంది అమ్మ. రెండోరోజు గొర్రె ఒకటి తప్పిపోయి మాపటికి దొరికింది. నాయనకు విసుగొచ్చింది.

"మూడు దినాలు ఏ చెడ్డా జరగని ఇల్లు ఈడ యాడుండాది? వాన రాలేదని గూడా రాయి మీదే ఏస్తారేమో."

"నువ్వు ఊరకుండు. బయటికి ఇనపడతాది."

మూడోరోజు తెల్లారేసరికి నాకు జ్వరం. అమ్మ నా మెడ మీద చెయ్యి పెట్టి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"ఎవురితోనూ అనద్దు. నాయనతో గూడా."

పగలంతా తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. కట్టు మీద మాత్రం తడి పడనివ్వలేదు.

సాయంత్రం పెండ్లికొడుకు తల్లి, ఉంగరం చేసే ఆచారి బస్సు దిగి వచ్చారు.

"ఏమప్పా, అంతా బాగుండాదా?" అన్నాడు ఆచారి నాయనతో.

"బాగుండాం. గొర్రె ఒకటి పోయి మళ్లొచ్చె."

అమ్మ నాయన వైపు చూసింది. ఆచారి నవ్వాడు. "రాయి కట్టింది గొర్రెకు కాదులేప్పా."

పెండ్లికొడుకు తల్లి నవ్వలేదు. "పాప మొగం కందిపోయిండాదే, వదినా."

"పొయ్యికాడ నుంచి లేసొచ్చింది," అంది అమ్మ. " ఉండు వదినా, నేను ఇప్పుతా."

"నేనే ఇప్పుతాలే."

ఆమె వేళ్లు నా జబ్బకు తగిలి ఆగిపోయాయి. నా ముఖంలోకి చూసింది. కళ్లు దించుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని నేను దించుకోలేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆమె ముడి విప్పి, రాయిని ఆచారి అరచేతిలో పెట్టింది.

"పొదుగప్పా," అంది.

పెండ్లి అయింది. తొమ్మిదేళ్లకు ఆయన పోయారు. బడిలో పాఠం చెబుతూ కూలబడ్డారు. పదకొండో రోజు దాకా నాకు ఆ జ్వరం తప్ప మరేదీ గుర్తు రాలేదు. చివరికి అత్తతోనే చెప్పాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"తెలుసు. ఆ పొద్దు నీ చెయ్యి కాలతాండె."

"మరి ఉంగరం ఎందుకు చేయించినావత్తా?"

"వాడు నువ్వే కావాలనె. జొరమొస్తే మందియ్యాల గానీ, పిల్లను ఇడుస్తారా?" ఇంకొన్ని కాయలు ఒలిచాక అంది: "తప్పు రాయిదీ కాదు, నీదీ కాదు. ఇంగ ఆ మాట అనద్దు."

మరుసటి ఏడు మా చిన్న ఆడబిడ్డకు పెండ్లి కుదిరింది. ఉంగరం ఉట్టి బంగారంతో చేయమని అత్త ఆచారికి చెప్పింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ రాయి కట్టి చూడరు.