సుగుణక్క విడదీసిన గొంతులు

నిన్న శేరిగూడ బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోనులోంచి ఓ లాటిన్ ప్రార్థనాగీతం వినిపించింది. నాలుగు వందల ఏళ్ల నాటి పాట. వాయిద్యం లేదు, నాలుగు రకాల గొంతులే. నా ఒళ్లు పులకరించింది. ఆ పాట నాకు నేర్పింది సుగుణక్క.

ఆమె మంచాల ఊరి బడిలో లెక్కల టీచరు, ఇబ్రహీంపట్నంలో మా చర్చి గాయకబృందానికి నాయకురాలు. ఆమె రాకముందు కీబోర్డు, మైకులు పెట్టుకుని ఆ పాటను ఈడ్చి ఈడ్చి పాడేవాళ్లం. ఎంత గట్టిగా అరిస్తే అంత భక్తి అనుకునేవాళ్లం. హైదరాబాదు గాయకోత్సవంలో మేం పాడుతుండగానే సగం మంది లేచిపోయారు. నిర్వాహకులు ఇంకొక్క ఏడాదే అవకాశమిస్తామన్నారు.

ఆ తర్వాత వచ్చిన అక్క అదే పాట రికార్డులు తెచ్చి వినిపించింది. పాతవాటిలో వంద గొంతుల హోరు. కొత్తవాటిలో పది మందే, తేలిగ్గా, ఒకరినొకరు వింటూ పాడుతున్నారు.

"పాట పుట్టినప్పుడు మైకున్నదా? అప్పుడెట్ల పాడిన్రో ఇప్పటోళ్లు దేవులాడుతున్నరు. మనం గూడ ఎతుకుదాం" అంది.

మా చర్చిలో మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క. పాడేటప్పుడూ అంతే. అక్క అందరినీ కలిపేసి, ఒకే రకం గొంతులు రెండు పక్కపక్కన లేకుండా నిలబెట్టింది. మంద్రస్వరం పాడే సంఘపెద్ద ప్రభుదాసు పెద్దయ్య మండిపడ్డాడు.

"ఆడోళ్ల నడుమ నిలవడాల్నా? గిదేం కొత్త పద్ధతి?"

"పాత పద్ధతే కావాల్నంటే, అప్పట్ల చర్చిల ఆడోళ్లను పాడనియ్యకపోయేటోళ్లట పెద్దయ్యా. మమ్ముల గూడ పొమ్మంటవా?"

ఆయన గొణుక్కుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాట మొదలవగానే నా గుట్టు రట్టయింది. ఆరేళ్లుగా నేను నా రకం గొంతే ఉన్న రాజమణి పక్కన నిలబడి, ఆమె పాడితే వెనకే అందుకునేదాన్ని. గుంపులో గోవిందా! ఒంటరిగా నిలబడితే నాకు పాటే రాదు. సిగ్గుతో ఏడ్చేశాను.

"ఆరేండ్లు రాజమణి పాట పాడినవ్. ఇగ నీది పాడు" అంది అక్క. నన్ను బృందంలోంచి తీసేయలేదు. నెల రోజులు రోజూ సాయంత్రం బడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి పాడించింది.

ఆ ఏడాది ఉత్సవంలో అలాగే కలిసి వేదిక మీద నిలబడ్డాం. నేను తప్పితే అందరూ తప్పుతారు. పెద్దయ్య స్వరం కింద నేలలా నిలబడింది. దాని మీద నా గొంతు పెట్టాను. నిలిచింది! పాట ముగియగానే హాలంతా లేచి చప్పట్లు. మళ్లీ పాడమన్నారు, పాడాం. దిగుతూ పెద్దయ్య నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇన్నేండ్లు నా గొంతే విన్న, బిడ్డా. ఇయ్యాల పాట విన్న."

అక్క పోయి మూడేళ్లయింది. బృందం ఇప్పుడు నా చేతిలో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు స్నేహితుల పక్కన నిలబడతామని బతిమాలుతారు. విడదీస్తాను. వాళ్ల గొంతు వణికితే నాకు జాలి కలగదు, గర్వం కలుగుతుంది. వణికేది వాళ్ల సొంత గొంతు.