నల్లబడితే పాడైనట్టేనా?

అది 2016. విజయనగరంలో మా కాలేజీ కెమిస్ట్రీ విభాగం ఒక పాత మేడ కింది అంతస్తులో ఉండేది. ల్యాబ్‌లో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోయేవి, వేయకపోతే మనుషులు పడిపోయేవాళ్ళు. ఆ గదుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. నాకు నోరెక్కువని పిల్లలు అనుకుంటారని తెలుసు. నరసన్నపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషితో మాట్లాడిన గొంతు, పీహెచ్‌డీ చేసినంత మాత్రాన తగ్గుతుందా!

ఆ ఏడాది నాకొక చిన్న పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది. సాయానికి ఒక్క రీసెర్చ్ ఫెలోని పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడిగాను, ఈ పని ఎందుకు చేస్తానంటున్నారని. ఒకరు దేశసేవ అన్నారు, ఒకరు చిన్ననాటి కల అన్నారు. కళింగపట్నం నుంచి వచ్చిన నూకరత్నం మాత్రం కాసేపు చేతులు నలుపుకుని, "ఇంతవరకూ ఎవులూ సెయ్యని వస్తువొకటి నా సేత్తో సెయ్యాలని ఉన్నాది మేడమ్" అంది. ఆ మాటకే ఆమెని తీసుకున్నాను. వాళ్ళ నాన్న పడవ మీద వేటకు వెళ్తాడు. అమ్మ ఎర్రమ్మ ఒడ్డున రొయ్యలు కొని, గంపకెత్తుకుని బజార్లో అమ్ముతుంది. కాలేజీకి రాకముందు నూకరత్నం కూడా తల్లి పక్కన కూర్చుని రొయ్యలు ఏరిన పిల్లే.

మా పనేమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. కొన్ని పదార్థాల్లో ఆరు కార్బన్లు చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా కూర్చుంటాయి. దాన్ని ఆరోమాటిక్ రింగ్ అంటాం. ఈ రింగ్ మహా మొండిది. దాని మీద ఒక ఆక్సిజన్‌ని ఎక్కించడాన్ని హైడ్రాక్సిలేషన్ అంటారు. మామూలుగా దీనికి ఘాటైన ఆమ్లాలో, పెద్ద వేడో కావాలి. కానీ రాగి ఆ పనిని చల్లగా, గోల లేకుండా చేయించగలదు. ముందు రాగిని పట్టుకుని కూర్చోబెట్టే అణువును తయారుచేస్తాం, దాని పేరు లిగాండ్. రింగ్ ఆ లిగాండ్‌లోనే ఉంటుంది. రాగీ లిగాండూ కలిసినదే కాంప్లెక్స్, చూడ్డానికి చక్కటి నీలం రంగు. దాన్ని ఐసులో పెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని చుక్క చుక్కగా వేయాలి. పుండు మీద పోస్తే బుసబుసా పొంగే మందు ఉంటుందే, అదే పెరాక్సైడ్. అందులోని ఆక్సిజన్‌ని రాగి అందుకుని, పక్కనే ఉన్న రింగ్ మీద పెడుతుంది. తొందరపడ్డామా, పెరాక్సైడ్ ఊరికే పొంగి గాలిలో కలిసిపోతుంది, రింగ్ కదలదు మెదలదు.

ఇదివరకు ఎవరూ కట్టని ఒక లిగాండ్‌ని నూకరత్నం ఓపిగ్గా కట్టింది. దానితో నీలం కాంప్లెక్స్ కూడా చేసింది. మిగిలింది పెరాక్సైడ్ పని. "నీలం పోయి ఆకుపచ్చ వస్తుంది. రాగానే నన్ను పిలు" అని చెప్పి నా క్లాసులకి నేను పోయాను. ఐసు పనిలో ఆ పిల్లకి నేను చెప్పేదేమీ లేదు. ఐసుని ఎంత మెత్తగా దంచాలో, ఫ్లాస్కు చుట్టూ ఎలా కూరాలో, కరిగిన నీటిని ఎప్పుడు వంపాలో పుట్టుకతో తెలిసినట్టు చేసేది.

కానీ పిలుపు రాలేదు. సాయంత్రం వెళ్ళి "వచ్చిందా?" అంటే, "లేదు మేడమ్, పాడైపోనాది. రేపు మల్లీ సేస్తాను" అనేది. మర్నాడూ అదే మాట. ఐసు కరిగిందేమో, కరెంటు పోయి కలిపే యంత్రం ఆగిందేమో అనుకున్నాను. పెరాక్సైడ్ పాతదేమోనని కొత్త సీసా తెప్పించాను. గాజుసామాను మళ్ళీ కడిగించాను. ఎప్పుడు వెళ్ళినా బల్ల అద్దంలా ఉండేది, ఫ్లాస్కులు కడిగి బోర్లించి ఉండేవి. ఇంత శుభ్రంగా పనిచేసే మనిషికి పని ఎందుకు కలిసిరావడం లేదో నాకు అంతుపట్టలేదు.

వానలు మొదలయ్యాయి. దసరాకి ముందు ప్రాజెక్టుని పరిశీలించడానికి కమిటీ వస్తుందని ఉత్తరం వచ్చింది. చూపించడానికి ఏమీ లేకపోతే ప్రాజెక్టు అక్కడితో ఆపేస్తారు. నాకు పోయేదేముంది, నా పాఠాలు నాకుంటాయి. నూకరత్నం మాత్రం ఇంటికి పోవాలి. ఒకరోజు వరండాలో నిలబడి తల్లితో ఫోన్లో మాట్లాడుతోంది. వద్దనుకున్నా ఎర్రమ్మ గొంతు ఫోన్ దాటి బయటికే వినబడింది. నా గొంతుకి తోబుట్టువే అది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

"పోన్లేవే గుంటా, దానికేటి ఏడుపు? మోకాళ్ళు నొప్పులు, గంప ఎత్తనేకపోతన్నాను. కమిటీ ఎల్లిపోయిన మర్నాడు నానే వచ్చి నిన్ను తీసుకుపోతాను. మనకి బజారుంది."

నూకరత్నం "అలగేలే అమ్మా" అని ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఐసు దంచడానికి వెళ్ళింది. ఆ ఐసు చప్పుడు వింటూ నాకు పాఠం సాగలేదు. ఆ పిల్ల మీద నాకు అంత ప్రేమ ఉందని ఆరోజే తెలిసింది.

ఆ వారంలోనే విద్యార్థులు బంద్ చేశారు. క్లాసులు లేకపోవడంతో పొద్దున్నే ల్యాబ్‌లోకి వెళ్ళాను. నేను తలుపు తీసేసరికి నూకరత్నం ఒక ఫ్లాస్కుని వేస్టు డబ్బాలోకి వంపబోతోంది. అందులో ఉన్నది నీలం కాదు. చిక్కటి, ముదురు, ఇంచుమించు నలుపనిపించే ఆకుపచ్చ.

"ఆగు!" అని అరిచాను. నా అరుపుకి ఫ్లాస్కు జారిపోవాల్సిందే, గట్టి పిల్ల కాబట్టి పట్టుకుంది.

"ఏటది?" అన్నాను. కోపం వస్తే నాకు నరసన్నపేట భాషే వస్తుంది.

"పాడైపోనాది మేడమ్. నల్లబడిపోనాది."

"ఎందుకు పారబోస్తన్నావ్?"

"మరి పాడైంది ఉంచుతారేటి?" అంది, నాకే తెలియదన్నట్టు.

వేస్టు డబ్బాలోకి తొంగిచూశాను. నిండా అదే ముదురు ఆకుపచ్చ. ఇన్నాళ్ళ పంటంతా అందులో ఉంది. తిట్టాలని నోరు తెరిచాను. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. స్టూలు మీద కూలబడి నవ్వుతూనే ఉన్నాను. పాపం ఆ పిల్ల నాకు మతి పోయిందేమోనని మంచినీళ్ళు తెచ్చింది.

అప్పుడు నెమ్మదిగా అడిగితే చెప్పింది. రొయ్య ఐసు మీద నిగనిగలాడుతూ ఉండాలి. తల దగ్గర నల్లబడిందంటే పాతది, కొనేవాళ్ళు ముట్టుకోరు. "నల్లది ఒక్కటి కనబడితే గంపంతా పాడే అంటారు మేడమ్. పేరు పోతాది. అందికే బేరగాళ్ళు సూడకముందే ఏరి పారేస్తాం. మా అమ్మ అలగే నేర్పింది." ల్యాబ్‌లోనూ అదే చేసింది. నీలం మీద చుక్కలు పడగానే కాస్త పచ్చబడేది, చూస్తుండగానే నల్లగా చిక్కబడేది. నేను ఆకుపచ్చ అన్నాను కదా, లేత అరటాకు రంగు కోసం కాచుకుని కూర్చునేది. నలుపు కనబడగానే, నేను చూసి బాధపడకుండా పారబోసి, ఫ్లాస్కు కడిగి బోర్లించేది. ఆ అద్దంలాంటి బల్ల రహస్యం అదీ!

"ఒసే, రొయ్య తల ఎందుకు నల్లబడతాదో తెలుసా నీకు?" అన్నాను.

"ఐసు సాలక."

"ఐసు చాలకపోతే లోపల ఏమవుతుంది?"

తెలియదంది. ఆ ఫ్లాస్కుని ఐసులో పెట్టించి, బల్ల దగ్గరే చెప్పాను. రొయ్య ఒంట్లో రాగి ఉన్న ఒక ఎంజైమ్ ఉంటుంది. ఎంజైమ్ అంటే ప్రాణుల ఒంట్లో పనులు జరిపించే పదార్థం. రొయ్య చచ్చాక కూడా అది ఊరుకోదు. గాలిలోని ఆక్సిజన్‌ని రాగితో పట్టి, అక్కడి పదార్థాల్లోని ఆరోమాటిక్ రింగ్‌ల మీదికి ఎక్కిస్తుంది. అక్కడితో ఆగక, అవి ఒకదానికొకటి అతుక్కుని నలుపు దాకా పోతాయి. ఐసు వేస్తే ఆ పని మందగిస్తుంది. కోసిన వంకాయ రంగు మారడం కూడా ఈ కుటుంబంలోదే.

నూకరత్నం ఫ్లాస్కు వైపు చూసింది, నా వైపు చూసింది. "అయితే మా అమ్మ గంపలో అయిందీ, నా ఫ్లాస్కులో అయిందీ ఒకటేనా మేడమ్?"

"అక్కచెల్లెళ్ళు. మనది ఆక్సిజన్ ఎక్కిన మొదటి మెట్టు దగ్గర ఆగాలి. ఆగితే నువ్వు గెలిచినట్టు. ఆగకపోతే నువ్వన్నట్టే, నిజంగా పాడైనట్టు."

ఊరికే అన్నమాట కాదది. పెరాక్సైడ్ ఒక్కోసారి లిగాండ్‌ని చిత్తుచిత్తుగా విరగ్గొట్టి జిగురు మడ్డి చేసి వదులుతుంది, అదీ నల్లగానే ఉంటుంది. రంగు చూసి పారబోయడం ఎంత తప్పో, రంగు చూసి పండగ చేసుకోవడమూ అంతే తప్పు. పోల్చి చూడ్డానికి, పెరాక్సైడ్ వేయని ఫ్లాస్కుని పక్కన పెట్టించాను. అది మర్నాటికీ నీలంగానే ఉంది. ముదురు దానిలోంచి రాగిని తప్పించి, మిగిలిన లిగాండ్ మీద ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయించాను. రింగ్ మీద ఆక్సిజన్ ఎక్కి ఉంటే సాధారణంగా ఊదా రంగు వస్తుంది. నూకరత్నం చుక్క వేసి కళ్ళు మూసుకుంది. నేరేడు పండు నలిపినట్టు ఊదా వచ్చింది.

"కళ్ళు తెరువే" అన్నాను. తెరిచి, "ఓలమ్మో!" అని నా భుజం పట్టుకుంది. అయినా నేను ఒప్పుకోలేదు. అది కబురే గాని సాక్ష్యం కాదు. ముదురు ద్రావణాన్ని కదపకుండా ఉంచితే అడుగున చిన్న చిన్న స్ఫటికాలు దిగాయి. వాటిలోంచి లిగాండ్‌ని విడదీసి, మాస్ స్పెక్ట్రమ్ కోసం విశాఖపట్నం పంపాం. అణువు బరువు తూచే పరీక్ష అది. ఆక్సిజన్ ఒకటి చేరితే బరువు పదహారు పెరగాలి.

రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్ల సరిగ్గా తిన్నట్టు లేదు. వచ్చాక కంప్యూటర్లో నన్నే తెరవమంది. పాత బరువు దగ్గర ఉండాల్సిన గీత దాదాపు లేదు. దానికి సరిగ్గా పదహారు అవతల, తాటిచెట్టంత గీత నిలబడి ఉంది. ఇద్దరం ఏడ్చాం. నేను ఏడవలేదని ఆ తర్వాత ఎంత బుకాయించినా ఎవరూ నమ్మలేదు.

కమిటీ వచ్చింది, చూసింది, నాలుగు ప్రశ్నలు అడిగింది. ప్రాజెక్టు కొనసాగించమంది. ఆ సంబరంలో నూకరత్నం ఇంటికి ఫోన్ చేయడమే మరిచిపోయింది. మర్నాడు పొద్దున్నే ల్యాబ్ గుమ్మంలో ఎర్రమ్మ! చేతిలో కూతురి సామాను కోసం తెచ్చిన పెద్ద ఖాళీ సంచి, నాకోసం పాత చీరముక్కలో మూటకట్టిన ఎండురొయ్యలు.

"గుంటని తీసుకుపోదామని వచ్చినానమ్మా" అంది.

"అమ్మా, నానుండిపోతన్నాను" అంటూ నూకరత్నం చిన్న సీసాలో స్ఫటికాలు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. "ఇది లోకంలో ఇంకెక్కడా నేదు. నానే సేసినాను."

ఎర్రమ్మ సీసాని వెలుగుకి పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మూత తీయకుండానే అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"నల్లగున్నాదేటే?"

"నల్లబడితేనే మంచిదమ్మా ఇది."

ఎర్రమ్మ సీసాని దించి కూతురి వైపు చూసింది. తర్వాత నాతో అంది, "జన్మంతా నల్లబడింది పారేసినానమ్మా. నా గుంటకీ అదే నేర్పినాను. దాని బతుకు కూడా పారబోయించీసేదాన్ని." అని, మూటలోని రొయ్యల్ని నా బల్ల మీది కాగితంలో వంపి, ఆ చీరముక్కలో సీసాని చుట్టి ముడివేసింది. "ఎండ తగలనీకండి. జాగర్త." ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని, కూతురి తల నిమిరి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

నూకరత్నం ఇప్పుడు తనే పిల్లలకి కెమిస్ట్రీ చెబుతోంది. ఆమె వల్ల నేనొకటి నేర్చుకున్నాను. ల్యాబ్‌లోకి ఎవరూ ఖాళీ కళ్ళతో రారు. ఇంట్లో ఏది మంచిదో ఏది చెడ్డదో నేర్చుకున్న కళ్ళతోనే వస్తారు, మనం చూపించే రంగుల్నీ వాటితోనే చూస్తారు. అందుకే కొత్తగా ఎవరొచ్చినా, పెరాక్సైడ్ సీసా ముట్టుకోనివ్వక ముందే, "మీ ఇంట్లో ఏది ఎలా ఉంటే పారేస్తారు?" అని అడుగుతాను. బెల్లం వండే ఇంటి కుర్రాడు ముదిరిన పాకం అంటాడు, రైతు ఇంటి పిల్ల రంగు మారిన ధాన్యం అంటుంది. అప్పుడు బీరువాలోంచి ఆ మూట తీస్తాను. ఎన్నేళ్ళయినా చీరముక్కకి ఎండురొయ్యల వాసన పోలేదు. ముడి విప్పగానే పిల్లలు ముక్కు మూసుకుని, సీసాలోని నలుపు చూసి, "పాడైపోయిందా మేడమ్?" అంటారు.

"కూర్చోండి, చెబుతాను" అంటాను.