నాయన లెక్కలో నర్సు జీతం

పుంగనూరులో మాది చింతపండు, బెల్లం, శనక్కాయల కొట్టు. రైతుల దగ్గర కొనడం, ఊళ్లో అమ్మడం. నాయన చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయింది కానీ, ఎదుటివాడి నోట ఏ అంకె వచ్చినా దాన్ని రెట్టింపు చేసుకునే విద్య మాత్రం పూర్తిగా వంటబట్టింది. రైతు ఇరవై మూటలు పండాయంటే ఆయనకు నలభై. పక్క కొట్టాయన ఈ నెల వెయ్యే మిగిలిందంటే రెండు వేలు. "రాబడి అడిగితే నిజం చెప్పేవోడు యాడుండాడు? ఎవురైనా సగమే చెప్తారు" అనేవాడు. సేల్స్ ట్యాక్సు వాళ్లకు తనూ అంతే చెప్పేవాడు కాబట్టి ఆ సూత్రం మీద ఆయనకు ఎక్కడలేని నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నా ఇంటర్ అయిపోయింది. నర్సింగ్ చదవాలన్నది తేలింది, ఏ నర్సింగ్ అన్నదే తేలలేదు. మదనపల్లెలో మూడున్నరేళ్ల జి.ఎన్.ఎం. డిప్లొమా ఉంది. కొట్టు మీద వచ్చేదాంతోనే ఎలాగో నెట్టుకురావచ్చు. కుప్పంలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉంది. బ్యాంకులో అప్పు తీసుకోకుండా దాని గడప తొక్కలేం. నాకు మొదట మోజంతా డిగ్రీ మీదే.

"కొనే ధర నువ్వు చెప్తివి. అమ్మే ధర ఎంత?" అన్నాడు నాయన. "సదివి బయటికొస్తే నెలకెంత ఇస్తారో కనుక్కోని రామ్మా. అప్పుడు సంతకం పెడతా."

అడిగింది న్యాయంగానే ఉంది. కానీ కనుక్కోవడం ఎక్కడ? మదనపల్లెలో ఒక ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, డ్యూటీ దిగి వస్తున్న నర్సులను అడిగాను. ఒకామె "ఏదో వస్తాదిలేమ్మా" అని నడక ఆపకుండా వెళ్లిపోయింది. ఇంకొకామె "ఎవురు పంపించినారు నిన్ను?" అని నిలదీసింది. కాలేజీ ఆఫీసుల్లోనేమో "మంచి జీతాలు, ఫారిన్ కూడా పోవచ్చు" అన్నారు గాని అంకె మాత్రం నోటి నుంచి రాలేదు. ఫీజు కాగితం మీద మాత్రం చివరి రూపాయి దాకా అచ్చు వేసి ఇచ్చారు. ఇచ్చేది అంత ఖచ్చితంగా తెలిసిన వాళ్లకు, వచ్చేది ఒక్కరికీ తెలియకపోవడమేమిటని నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. బీఎస్సీ చదివి కుప్పంలోనే ఒక ఆస్పత్రిలో పనిచేస్తోంది. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లాను. క్యాంటీన్ బెంచీ మీద అక్క ఏమీ దాచకుండా చెప్పింది.

"ఐదు వేలు మే. నా పక్కన జి.ఎన్.ఎం. చేసిన పిల్ల ఉండాది. ఆ పిల్లకు నాలుగున్నర. ఇద్దరికీ ఒకటే వార్డు, ఒకటే చాకిరీ. నాకు బ్యాంకుకు మూడు వేలు పోతాది, మిగిలింది మెస్సుకు సరి. ఆ పిల్లకు అప్పు లేదు, నెల నెలా ఇంటికి పంపిస్తాది. రేపు గవర్నమెంటు పోస్టులు పడితే డిగ్రీ పనికొస్తాదేమో. ఎప్పుడు పడతాయో నన్నడగాకు."

తిరుగు బస్సులో డిగ్రీ మోజు దిగిపోయింది. మదనపల్లెనే అనుకున్నాను. అలా అనుకోగానే నాలుగు వారాలుగా పట్టని నిద్ర ఆ కుదుపుల్లోనే పట్టేసింది.

మర్నాడు కొట్లో అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నాయన బెల్లం తూస్తూనే విని, తక్కెడ దించి నవ్వాడు.

"ఐదని చెప్పిందా? అంటే పది."

"అక్క నాకు అబద్ధం యాల చెప్తాది నాయినా?"

"అబద్ధం కాదమ్మా, జాగ్రత్త. నీకు చెప్తే నాకు తెలుస్తాది, నాకు తెలిస్తే వాళ్లమ్మకు తెలుస్తాది. ఆడపిల్లయినా తెలివిగలది."

"సరే, నీ లెక్కే కానీ. జి.ఎన్.ఎం.కు తొమ్మిది వస్తాది, అప్పు లేదు. డిగ్రీకి పది వచ్చి మూడు బ్యాంకుకు పోతే మిగిలేది ఏడే కదా?"

"అప్పు కొన్నేండ్లకు తీరిపోతాది. డిగ్రీ యాడికి పోతాది?"

అరిచాను. రెండు పూటలు అన్నం మానేశాను. "మీ నాయన నీ మంచికే చేస్తాండాడు" అని అమ్మ అనేసరికి ఇంకా మండింది. ఎందుకంటే అది నిజం. ఆయన పిసినారి అయ్యుంటే పోట్లాడి గెలిచేదాన్ని. కూతురి కోసం పెద్ద అప్పుకు సంతకం పెడతానంటున్న తండ్రితో, వద్దు, చిన్న చదువు చాలని ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు. అక్క నిజం చెప్పింది, నేను నిజం మోసుకొచ్చాను, ఆ నిజాన్నే ఆయన రెట్టింపు చేసి బ్యాంకుకు పట్టుకెళ్లాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

నాలుగేళ్ల చదువు అయింది. కుప్పంలోనే ఉద్యోగం దొరికింది. జీతం ఐదు వేల రెండు వందలు. అక్క చెప్పిన దానికంటే రెండు వందలు ఎక్కువ, నాయన వేసిన దాంట్లో సగం. కొన్నాళ్లకు బ్యాంకు వాయిదాలు మొదలయ్యాయి. మెస్సుకు, గది అద్దెకు పోను వాయిదాకు వెయ్యి తక్కువ పడుతోంది. జీతం కవరు విప్పకుండా పుంగనూరు బస్సెక్కాను. డబ్బు ఆయన చేతిలోనే పెడితే, కళ్లతో చూసుకుంటే, ఇక రెట్టింపు చేయడానికి ఏముంటుందని నా ధైర్యం.

నాయన కవరు విప్పి లెక్కపెట్టాడు. కొట్లో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. డబ్బు మళ్లీ నా చేతిలోనే పెట్టి గుప్పిట మూశాడు.

"మిగతాది వేరేగా పెట్టుకున్నావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంతే నాయినా. జీతమంతా ఇదే."

ఆయన ముఖం విప్పారింది. నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత గర్వంగా చూడలేదు.

"బాగుండాది. నాకు కూడా చెప్పాకు."

"వాయిదాకు వెయ్యి రూపాయలు తక్కువ పడతాండాది నాయినా. ఆ వెయ్యి నువ్వే సర్దాల" అన్నాను.

నాయన పకపకా నవ్వి నా భుజం తట్టాడు.

"అట్లనే. ఎవురడిగినా ఇట్లనే చెప్పు."